‘దాసి’ చిత్రము: అభినయబలము, కథనదౌర్బల్యము

ఒక చలనచిత్రమును చూచివచ్చిన ప్రేక్షకుడు “నటన బాగుగా నున్నది, కథయే బలహీనముగా నున్నది” అని చెప్పుట మనము తరచుగ వినుచుందుము. పత్రికలలోని సమీక్షకులును ఈ తీర్పునే పలుమారులు వ్రాయుచుందురు. ఈ మాట చెప్పుట సులభము. దీని యర్థమును విచారించినవారు తక్కువ. అభినయమనగా పాత్రయొక్క స్థితిని ప్రేక్షకునికి అభిముఖముగా కొనివచ్చుట. ఆ స్థితి ఇతివృత్తమునుండి పుట్టునది. అట్లయినచో ఇతివృత్తము దుర్బలమైనచోట అభినయమెట్లు బలముగా నుండగలదు? ఉండినచో ఆ బలము దేనినుండి వచ్చినది? కథనమునందలి లోపము కళాకారుని అశక్తివలన కలిగినదా, లేక ఎన్నుకొనిన వస్తువు స్వభావమునుండియే పుట్టినదా? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకుటకు బి. నర్సింగరావు దర్శకత్వమున 1988లో వెలువడిన ‘దాసి’ మిక్కిలి తగిన చిత్రము.

ఈ చిత్రమునే ఎన్నుకొనుటకు రెండు కారణములు కలవు. మొదటిది, తెలంగాణములోని గడీ జీవితమును, అందులో స్త్రీ పడిన దాస్యమును ప్రధానవస్తువుగా గైకొనిన తెలుగు చిత్రములు మిక్కిలి తక్కువ. వానిలో ‘దాసి’ స్థానము పెద్దది. రెండవది నల్లగొండ జిల్లా పాఠకులకు దగ్గరి విషయము. ఈ చిత్రమునకు దుస్తుల రూపకల్పనచేసి జాతీయ పురస్కారము పొందిన సుదర్శన్ మిర్యాలగూడవారు. ఆయనను ‘దాసి సుదర్శన్’ అనియే లోకము పిలిచినది. ఆయన 2024లో మరణించిరి. హాలియా, అనుముల, పెదవూర ప్రాంతములనుండి వచ్చు నేటి విద్యార్థికి గడీ యనునది కన్నులార చూచిన వస్తువు కాదు. 1967లో నాగార్జునసాగర్ నీరు ఎడమకాలువలో పారిన పిదప పుట్టిపెరిగిన తరములకు తెలిసిన పల్లె వేరు. వారి ముత్తాతల పల్లె వేరు. ఆ పాత పల్లెను వారు నవలలలోనో తెరపైననో చూడవలసియున్నది. కాబట్టి ‘దాసి’ ఏమి చూపినది, ఏమి చెప్పజాలకపోయినది అను విచారణ కేవలము కళావిమర్శగా మిగులదు. బోధనకును సంబంధించిన విషయమగును.

చిత్రకథను క్లుప్తముగా చెప్పుకొందము. కాలము 1920లు, నిజాము పాలనలోని తెలంగాణము. దొరసాని అత్తవారింటికి వచ్చునపుడు అరణముతోపాటు వచ్చిన దాసి కమలాక్షి. గడీలో ఇంటిచాకిరి ఆమెది. రాత్రి దొర పిలిచినపుడు పోవలసినదియు ఆమెయే. దొర జయసింహారావునకు దొరసానివలన సంతానము లేదు. కమలాక్షి గర్భవతి యగును. ఆ గర్భమును బలవంతముగా తీసివేయింతురు. కథ యింతే. ఇట్లు పెండ్లికూతురి వెంట అరణముగా పంపబడిన స్త్రీలను తెలంగాణములో ‘ఆడబాప’లనిరి. ఆడబాపకు పెండ్లి లేదు; ఆమె సంతానమునకు తండ్రిపేరు లేదు; ఆమె శ్రమకు కూలి లేదు. దాసి యను మాట పుస్తకభాష. ఆడబాప యను మాట ఆ యింటి భాష. ఈ రెండవ మాటలోని ‘బాప’ యను బంధుత్వపు ఛాయ ఆ దాస్యమును ఎంతగా కప్పిపుచ్చినదో భాషాపరిశోధకులు గమనింపదగును.

ఇంత స్వల్పమైన కథపై నిలచిన చిత్రమునందు అభినయబలమెట్లు సిద్ధించినదో ముందుగా చూతము. భారతీయ నాట్యశాస్త్రము అభినయమును ఆంగికము, వాచికము, ఆహార్యము, సాత్త్వికము అని నాలుగు విధములుగా విభజించినది. ‘దాసి’కి వచ్చిన జాతీయ పురస్కారములను ఈ విభాగము ననుసరించి పరిశీలించినచో ఒక విశేషము తెలియును. 1988వ సంవత్సరపు పురస్కారములలో ఈ చిత్రమునకు అయిదు లభించినవి. ఉత్తమ తెలుగు చిత్రముగా నొకటి; ఉత్తమనటిగా అర్చనకు నొకటి; ఛాయాగ్రహణమునకు అపూర్వకిశోర్ బీర్‌కు, కళాదర్శకత్వమునకు తోట వైకుంఠమునకు, దుస్తుల రూపకల్పనకు సుదర్శన్‌కు ఒక్కొక్కటి. గడీ గోడలు, దొరసాని చీర, దాసి రవిక, ఇత్తడిపాత్ర, దీపపు వెలుగు, ఇవన్నియు ఆహార్యములోనివే. నాలుగు వ్యక్తిగత పురస్కారములలో రెండు నేరుగా ఆహార్యమునకును, ఒకటి నటికిని, ఒకటి ఈ రెంటిని పట్టి చూపిన కెమేరాకును చెందినవి. చిత్రకథా రచనకు పురస్కారము ఈ జాబితాలో లేదు. పురస్కారములు విమర్శకు ప్రమాణములు కావు. అయినను ఈ పంపకము చిత్రముయొక్క బలము ఎచ్చట నున్నదో, ఎచ్చట లేదో యథాతథముగా చూపుచున్నది.

వాచికము ఈ చిత్రమున మిక్కిలి తక్కువ. మాటాడు హక్కు లేనివాని కథలో మాటలు తక్కువగా నుండుట సహజము. దాసికి చెప్పబడును, ఆమె చెప్పదు. కాబట్టి అర్చనపై పడిన భారమంతయు ఆంగికముపైనను సాత్త్వికముపైనను పడినది. ఆమె నడచునపుడు ఆ నడకలో తొందర యుండును గాని గమ్యము తనది కాదు. పనిచేయు చేతులలో నైపుణ్యముండును గాని ఆ పనియందు ఇష్టము గాని అయిష్టము గాని పైకి కనబడనీయదు. చూపు నేలపైననో పాత్రపైననో నిలుచును. ఇట్టి పాత్రను ధరించు నటి సామాన్యముగా రెండు తప్పులలో నొకటి చేయును. కన్నీటితో జాలిని అడుగుట మొదటిది. లోపలి తిరుగుబాటును కనుబొమలలో ముందే చూపి ప్రేక్షకునికి ఓదార్పు నిచ్చుట రెండవది. అర్చన ఈ రెంటిని వర్జించెను. శోకమును ఆమె అభినయింపలేదు. శోకించుటకు కూడ తీరిక లేని స్థితిని అభినయించెను. అంతకు ముందటి సంవత్సరము బాలు మహేంద్ర తమిళ చిత్రము ‘వీడు’లో (తమిళమున వీడనగా ఇల్లు) సొంతయిల్లు కట్టుకొన యత్నించు మధ్యతరగతి స్త్రీగా నటించి ఆమె జాతీయ ఉత్తమనటి యైనది. ఆ పాత్రకు ఒక కోరిక కలదు, ఆ కోరికకు అడ్డంకులు కలవు. మరుసటి యేడే ఆమెకు కోరికయే లేని పాత్ర దొరకినది. రెండింటను ఆమె సమర్థురాలగుట ఆమె శక్తికి నిదర్శనము. కాని ఈ భేదమే మన చర్చకు కీలకము.

ఇక కథనమును పరిశీలింతము. ధనంజయుడు దశరూపకమున రూపకభేదములకు వస్తువు, నేత, రసము అను మూటిని ఆధారముగా చెప్పెను. వస్తువు నడచుటకు అయిదు కార్యావస్థలను భరతుడును ధనంజయుడును పేర్కొనిరి. అవి ఆరంభము, యత్నము, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమము. ఇందు ఆరంభమనగా ఫలముపై ఔత్సుక్యము. ఎవరికో ఏదియో కావలెను; అదియే కథకు మొదలు. దానికై పాటుపడుట యత్నము; దొరకునేమో యను ఆశ ప్రాప్త్యాశ. సుఖాంతమైనను దుఃఖాంతమైనను ఈ క్రమము లేనిదే ప్రేక్షకుడు “తరువాత నేమి?” అని యడుగడు. గ్రీకు విమర్శకుడు అరిస్టాటిలును విషాదరూపకమునకు ఇతివృత్తమే ప్రాణమని, పాత్ర దాని తరువాతిదని నిర్ణయించెను. ఒకదాని తరువాత నొకటి వచ్చుటయే గాని ఒకదానివలన నొకటి రాని ఘట్టముల కూర్పును ఆయన అధమమైన ఇతివృత్తముగా నెంచెను.

‘దాసి’ చిత్రమునకు ఈ కొలమానమును పట్టినచో లోపము స్పష్టము. కమలాక్షికి ఏమి కావలెనో చిత్రము మనకు తెలుపదు. చాకిరి, పిలుపు, మరల చాకిరి, మరల పిలుపు, ఈ విధముగా ఘట్టములు వరుసగా వచ్చును. వానిలో రెండింటిని తారుమారు చేసినను చిత్రమునకు పెద్ద హాని కలుగదు. గర్భము కథలో వచ్చు ఏకైకమైన మలుపు. కమలాక్షికి తనదనదగినది ఏదైన కలదనినచో అది ఆ గర్భమే. కోరిక పుట్టుటకు, దొరసానితో సంఘర్షణ కలుగుటకు, దొర నిలువునను దోషిగా నిలుచుటకు అదియే తావు. ఆరంభము అచ్చట జరుగవలసినది. కాని చిత్రము ఆ తావునకు వచ్చునప్పటికి ముగింపునకు వచ్చియుండును. కథ మొదలు కావలసినచోట చిత్రము ముగిసినది. ఇదియే దాని కథనదౌర్బల్యముయొక్క మూలము.

దీనికొక గట్టి ఆక్షేపము కలదు. దాసికి కోరిక యుండుటకు వీలు లేదు. కోరిక లేనిచో ఆరంభము లేదు. ఆరంభము లేనిచో కార్యము లేదు. కాబట్టి కథ నడవకపోవుటయే దాస్యముయొక్క సత్యము. దర్శకుడు ఆ సత్యమునే రూపముగా గైకొనెను. దానిని లోపమనుట అన్యాయము. ఈ వాదమును తేలికగ త్రోసివేయరాదు. నర్సింగరావు చిత్రకారుడు కూడ. ఆయన కన్ను ఘటనకంటె స్థితిని, ప్రవాహముకంటె నిలుకడను పట్టును. నిశ్చలమైన దీర్ఘదృశ్యములతో గడీలోని కాలము కదలదని ఆయన మనకు అనుభవమునకు తెచ్చెను. ప్రేక్షకునికి కలుగు విసుగు సైతము కమలాక్షి బ్రదుకులోని భాగమే యని చెప్పవచ్చును.

అయినను ఈ వాదము సగమే నిజము. ఘటనలు లేకపోవుట వేరు, కథనము లేకపోవుట వేరు. ఇటలీ దర్శకుడు విట్టోరియో డిసీకా 1952లో తీసిన ‘ఉంబెర్తో డి’ చిత్రమున ఒక పనిపిల్ల ఉదయముననే లేచి వంటింటిలో కాఫీ కాచు దృశ్యము ప్రపంచ ప్రసిద్ధము. ఆ పిల్లయు గర్భవతి. ఆ దృశ్యములో చెప్పుకోదగిన సంఘటన ఏదియు లేదు. అయినను ఆమె స్థితి మనకు తెలిసియున్నందున ప్రతి చిన్న కదలికయు అర్థవంతమగును. ఆ చిత్రమునకు వెన్నెముకగా ఒక సామాన్యమైన చిక్కు కలదు: ముదుసలి పింఛనుదారు ఇంటి అద్దె కట్టలేక గది పోగొట్టుకొనుచున్నాడు. ఆ చిక్కు బిగియుచుండుటవలననే ఖాళీ క్షణములు సైతము నిండుగా నుండును. అనగా నిశ్చలతను చూపుటకును ఒక చలనము కావలెను. గడియారము తిరుగుచున్నదని తెలిసినపుడే ఆగిన కాలమును మనము గుర్తింతుము.

ఇంకను దగ్గరి ఉదాహరణము శ్యామ్ బెనెగళ్ 1974లో తీసిన హిందీ చిత్రము ‘అంకుర్’. ఇదియు తెలంగాణపు పల్లెలో జరుగు కథయే. భూస్వామి కొడుకు సూర్య, పనిమనిషి లక్ష్మి, ఆమె మూగ చెవిటి భర్త కిష్టయ్య ఇందు ముఖ్యపాత్రలు. లక్ష్మి సూర్యునివలన గర్భవతి యగును. అతడు గర్భమును తీయించుకొమ్మనును. వస్తువు ‘దాసి’కి మిక్కిలి దగ్గర. ఇందును షబానా ఆజ్మీ అభినయము జాతీయ పురస్కారము నందినది. కాని కథనమున భేదము చూడుడు. చిత్రారంభముననే లక్ష్మి తనకొక బిడ్డ కావలెనని వేడుకొనును. ఆ ఒక్క కోరికతో ఆరంభము సిద్ధించినది. తరువాత వచ్చు ప్రతి ఘట్టమును ఆ కోరిక వెలుగులోనే మనము చూతుము. గర్భము తీయించుకొమ్మని సూర్యుడు చెప్పినపుడు ఆమె నిరాకరణ హఠాత్తుగా వచ్చినది కాదు. మొదటి దృశ్యమునుండి వచ్చినది. సూర్యుని పిరికితనము కిష్టయ్యను కొట్టుటకు, ఆ కొట్టుట లక్ష్మి శాపనార్థములకు, అవి చివర బాలుడు విసరిన రాతికి దారితీయును. లక్ష్మికి స్వాతంత్ర్యము లేదు. ఆమె దారిద్ర్యమును చిన్నది కాదు. అయినను కోరికను నిషేధించుట వేరు, కోరిక లేకపోవుట వేరు అని బెనెగళ్ గ్రహించెను. ఏ దాసికైనను నిషిద్ధమైన కోరిక యుండును. కమలాక్షి కోరికను గడీ నిషేధించినది. చిత్రమును దానిని గడీతోపాటు నిషేధించినట్లైనది. ఇది దర్శకుడు కోరిన ఫలము కాదు.

తెలుగు సాహిత్యమున ఈ వస్తువును గైకొనిన దాశరథి రంగాచార్యుల ‘చిల్లర దేవుళ్ళు’ నవలను ఇచ్చట స్మరింపవలెను. అందలి వనజ పాత్రద్వారా ఆడబాపల జీవితము తెలుగు నవలలో ప్రధానస్థానము పొందినది. రంగాచార్యులు సారంగపాణి యను సంగీతకారుని బయటినుండి ఆ పల్లెకు రప్పించిరి. బయటివాడు వచ్చుటతో పాఠకుని ప్రశ్నలన్నియు అతనితో లోపలికి ప్రవేశించును. ఇది ఏల ఇట్లున్నది, ఎవరు ఇట్లు చేసిరి అని అడుగుటకు ఒక నోరు దొరకినది. ‘దాసి’లో ఆ నోరు లేదు. గడీలోనివారికి గడీ ప్రశ్న కాదు. బయటివారిని లోపలికి రానీయలేదు.

నర్సింగరావు నిర్మాతగా నుండి, గౌతమ్ ఘోష్ దర్శకత్వమున 1980లో విడుదలయిన ‘మా భూమి’ ఈ విషయమున ఎదుటి కొసన నిలుచును. క్రిషన్ చందర్ ఉర్దూ నవల ‘జబ్ ఖేత్ జాగే’ దానికి ఆధారము. రామయ్య పల్లె విడిచి పట్టణము చేరి, కార్మికులతో కలసి, చైతన్యవంతుడై తిరిగివచ్చి పోరాటమున పాల్గొనును. కార్యావస్థలు స్పష్టముగా నడచును. కాని దొర బలాత్కారమునకు గురియైన చంద్రి వేదన అందు రామయ్య ప్రయాణమునకు కారణమైన ఒక ఘట్టముగా మాత్రమే నిలుచును. ఆమెకు ఏమైనదని కథ తరువాత విశేషముగా అడుగదు. ఆ లోటును పూరించుటయే ‘దాసి’కి గల చారిత్రకప్రయోజనమని చెప్పవచ్చును. ‘మా భూమి’ విడిచివచ్చిన స్త్రీ వద్దకు దర్శకుడు ఎనిమిదేండ్ల పిదప తిరిగివెళ్లెను. అయితే వెళ్లినపుడు కార్యకారణ సంబంధమును గడప వెలుపలనే విడిచి వెళ్లెను. ఒక చిత్రమున చరిత్ర కలదు, స్త్రీ పలుచనైనది. రెండవదానిలో స్త్రీ కలదు, చరిత్ర పలుచనైనది.

ఈ పలుచదనమువలన కలుగు నష్టమేమి? చిత్రము చూచిన విద్యార్థికి కమలాక్షి దుఃఖము తెలియును. ఆ దుఃఖమునకు కారణము దొర దుర్మార్గము, దొరసాని అసూయ అని తోచును. ఇది చాలదు. దొరకు ఆ అధికారము ఎట్లు వచ్చినది? శిస్తు వసూలుచేయు దేశ్‌ముఖ్, దేశ్‌పాండేల హక్కులు భూస్వామ్యముగా ఎట్లు మారినవి? పల్లెలోని ప్రతి వృత్తివాడును గడీకి వెట్టి ఏల చేసెను? ఆడబాప ఆ వెట్టిలో భాగమే కాదా? 1921లో హైదరాబాదున పుట్టిన ఆంధ్ర జనసంఘము వెట్టిచాకిరిని సమస్యగా చేపట్టినది. 1930లో జోగిపేటలో ఆంధ్రమహాసభ తొలి సమావేశము జరిగినది. అనగా చిత్రకథ జరుగు కాలముననే గడీ గోడల వెలుపల ఈ ప్రశ్నలు పుట్టుచున్నవి. నాడు నల్లగొండ జిల్లాలోనిదైన జనగామ తాలూకాలోని కడవెండిలో 1946 జూలై 4న దొడ్డి కొమరయ్య బలియైన పిదప ఆ ప్రశ్నలు సాయుధపోరాటముగా మారినవి. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటకై విసునూరు దేశ్‌ముఖును ఎదిరించెను. గడీకి బట్టలుతుకవలసిన కులమునుండి వచ్చిన స్త్రీ దొరను ఎదిరించుటకు, దొర పడకగదికి మౌనముగా నడచిన స్త్రీకిని నడుమ ఇరువదియేండ్ల కాలము కలదు. ఆ నడుమ నేమి జరిగినదో చెప్పునదే కథ. స్థితిచిత్రణము ఆ పనిని చేయజాలదు.

అట్లని ‘దాసి’ చిత్రము మొత్తముమీద నాటి పోరాటమును చూపవలెనని మన కోరిక కాదు. నినాదములు చేర్చినచో అర్చన సాధించిన సంయమము భగ్నమై యుండెడిది. కావలసినది కొలదియే. కమలాక్షి మనసులో ఒక్క నిషిద్ధమైన కోరిక. ఆమెను అమ్మిన లేక పంపిన ఇంటి స్మృతి. దొరసానియు ఆ గడీలో మరియొక విధముగా బందీయే యనుటను తెలుపు ఒక్క సంఘర్షణ. ఈ మూటిలో ఒక్కటి మొదటనే నాటినను చివరి గర్భస్రావము ఘట్టముగా కాక పరిణామముగా కనబడియుండెడిది. నటి ముఖములో ఇవన్నియు ఉన్నవనియు, ప్రేక్షకుడు చదువుకొనవచ్చుననియు కొందరనవచ్చును. నిజమే, అభినయము కథనము చేయవలసిన పనిని కూడ కొంత తనపై వేసికొన్నది. మనము మొదట వేసికొనిన ప్రశ్నకు ఇదియే సమాధానము. ఇతివృత్తము దుర్బలమైనచోట అభినయము బలముగా కనబడుటకు కారణము, ఇతరుల భారమును కూడ అది మోయుచుండుటయే. మోయువారి బలమును మెచ్చుకొనవలెను. ఆ భారము ఎవరిదో కూడ చెప్పవలెను.

బోధనలో ఈ చిత్రమును ఉపయోగించు ఉపాధ్యాయులకు ఒక సూచన చేయవచ్చును. ‘దాసి’ని ఒంటరిగా చూపక, ‘చిల్లర దేవుళ్ళు’ నవలతోను ‘అంకుర్’ చిత్రముతోను జతపరచి పాఠముగా నడపుట మేలు. వస్తువొకటియే యైనను కథనము మారినపుడు అర్థమెట్లు మారునో విద్యార్థులు స్వయముగా పోల్చి తెలిసికొందురు. పరిశోధకులకు వేరొక పని కలదు. హాలియా, మిర్యాలగూడ, దేవరకొండ ప్రాంతములలోని ముదుసలి స్త్రీల నోట వెట్టిని, గడీని గూర్చిన మాటలు, సామెతలు, పాటలు నేటికిని సేకరింపదగియున్నవి. తరము దాటినచో అవి దొరకవు. కమలాక్షికి చిత్రము ఇవ్వని మాట ఆ సేకరణలలో దొరకుటకు అవకాశము కలదు. అది దొరకిననాడు ‘దాసి’లో అర్చన చూపిన మౌనమునకు వ్యాఖ్యానము కూడ మనకు లభించును.